పేరు మార్చినా పీడీఎఫ్‌లో పాత కస్టమర్ పేరే వస్తుంటే

సమస్య: బంగారుపాళ్యంలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కొటేషన్ వెళ్లింది. ఫైల్ పేరు కరెక్టే, లోపల మేటరూ కరెక్టే. వాళ్లు క్రోమ్‌లో తెరిస్తే పైన ట్యాబ్‌లో మాత్రం 'పుత్తూరు కోల్డ్ స్టోరేజ్, తగ్గించిన రేట్లు' అని ఉంది. వెంటనే ఫోన్: "ఏం సార్, వాళ్లకు ఎంత తగ్గించారు?"

తిరుపతి చుట్టుపక్కల ఆఫీసుల్లో ఈ తంతు మామూలే. టెన్షన్‌లో అందరూ చేసేది ఒకటే, పీడీఎఫ్‌ని మళ్లీ రీనేమ్ చేసి పంపడం. ఆఫీసు ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే షేర్‌పాయింట్‌లో డిలీట్ చేసి మళ్లీ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఏమీ మారదు. ముందు వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో తెరిచి కుడిపక్క 'టైటిల్' దగ్గర ఏముందో చూడండి. అర నిమిషం పని, అయినా ఎవరూ చూడరు.

కారణం: కొటేషన్ ఎవరూ ఖాళీ పేజీతో మొదలుపెట్టరు. నిరుడు ఎవరికో ఇచ్చింది తెరిచి, సేవ్ యాజ్ కొట్టి, పార్టీ పేరు, రేట్లు మారుస్తారు. సేవ్ యాజ్‌తో మారేది ఫైల్ పేరు ఒక్కటే. లోపలి టైటిల్ పాతదే ఉండిపోయి, పీడీఎఫ్ తీసినప్పుడు అందులోకీ వెళ్తుంది. బ్రౌజర్ ఆ టైటిల్‌నే ట్యాబ్‌లో చూపిస్తుంది. 'ఆథర్' సంగతీ అంతే. ఎప్పుడో మానేసి బెంగళూరు వెళ్లిపోయిన కుర్రాడి పేరు ఇంకా అక్కడే ఉంటుంది.

షేర్‌పాయింట్‌లో ఇది ఇంకా కనిపించకుండా పోతుంది. లైబ్రరీలో, అంటే అక్కడి ఫైళ్ల జాబితాలో, మన కంటికి ఆనేది 'నేమ్' కాలమ్. 'టైటిల్' అని వేరే కాలమ్ ఉంటుంది గానీ దాన్ని వ్యూలో పెట్టి ఉండరు. వర్డ్ ఫైల్ టైటిల్ ఆ కాలమ్‌లోకి వస్తుంది, అక్కడ మారిస్తే ఫైల్‌లోకీ వెళ్తుంది. పుత్తూరు అని వెతికితే బంగారుపాళ్యం ఫైల్ పైకి రావడం దీనివల్లే. ఎడిట్ కరెంట్ వ్యూలో టైటిల్‌కి టిక్ పెట్టి చూడండి, ఇలాంటి ఫైళ్లన్నీ ఒక్కసారే బయటపడతాయి.

పరిష్కారం: వర్డ్ ఫైల్‌లో టైటిల్ సరిచేసి, సేవ్ చేసి, పీడీఎఫ్ మళ్లీ తీయండి. షేర్‌పాయింట్‌లో పీడీఎఫ్ పక్కన టైటిల్ కాలమ్ మార్చి పనైపోయిందనుకోకండి, వర్డ్‌లో లాగా అది పీడీఎఫ్ లోపలికి వెళ్లదు. ఆ తర్వాత ఆఫీసంతా కాపీ కొట్టుకునే ఆ మూల ఫైల్ తెరిచి టైటిల్ ఖాళీ చేయండి. అది వదిలేస్తే వచ్చే తోతాపురి సీజన్‌కి మళ్లీ ఇదే ఫోన్.

ఎడిట్ చేసుకోవడానికి వర్డ్ ఫైలే పంపాల్సి వస్తే, కాపీ తీసుకుని చెక్ ఫర్ ఇష్యూస్‌లో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడిపి వ్యక్తిగత వివరాలు తీసేయండి. ఒరిజినల్ మీద మాత్రం వద్దు. కామెంట్లు పెట్టినవాళ్ల పేర్లు పోయి అందరూ 'ఆథర్' అయిపోతారు, ఏ రేటుకి ఎవరు ఒప్పుకున్నారో తేల్చలేక తల పట్టుకోవాలి.

ఫైల్ లోపలి వివరాల గొడవ ఫొటోలకీ ఉంది. సైట్ ఫొటోల్లో లొకేషన్, తీసిన తేదీ లేవంటే అవి వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినవే అయి ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. షేర్‌పాయింట్‌లోని 'మాడిఫైడ్' తేదీ చూసి ఫొటో ఆ రోజే తీశారని బిల్లు కట్టకండి. విండోస్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్ కింద 'డేట్ టేకెన్' చూడండి.

సింక్ పాడైంది, ఫైల్ కరప్ట్ అయింది, వైరస్ పట్టింది లాంటి అనుమానాలుంటే టైటిల్ చూశాకే నాకు ఫోన్ చేయండి.