పెరుగు ప్యాకెట్‌తో పనిలేకుండా గడ్డపెరుగు

టోన్డ్ పాలతో పెరుగు నీళ్లగా వస్తోందని ఫుల్ క్రీమ్ పాలకు మారనక్కర్లేదు. పాలు పొంగాక స్టవ్ ఆపేయకుండా సిమ్‌లో ఇంకో పది నిమిషాలు గరిటెతో కలుపుతూ మరిగించండి. నీరు కొంత ఇగిరి పాలు చిక్కబడతాయి. మా ఇంట్లో రోజూ అర లీటరు పాలు ఇలాగే తోడేస్తాం.

అసలు కిటుకు తోడు వేసేటప్పుడు పాలు ఎంత వేడిగా ఉన్నాయన్న దాంట్లో ఉంది. చిటికెన వేలు ముంచితే వెచ్చగా తగలాలి కానీ చురుక్కుమనకూడదు. అంటే 40 నుంచి 45 డిగ్రీలు. మరీ వేడిగా ఉంటే తోడులోని బాక్టీరియా చచ్చిపోతుంది. చల్లారిపోతే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. ఒకసారి సీరియల్ చూస్తూ మర్చిపోయి చల్లటి పాలలో తోడేశాను, మర్నాడు పిల్లలకు పెరుగన్నం లేదు!

అర లీటరుకు ఒక చిన్న చెంచా తోడు చాలు. ఎక్కువ వేస్తే త్వరగా పులుస్తుంది. తోడును కాసిని పాలలో చిలికి కలిపి, మూతపెట్టి, ఇక కదపకండి. చలికాలంలో గిన్నెను హాట్‌ప్యాక్‌లో పెట్టండి, లేదా పాత టవల్ చుట్టి బియ్యం డబ్బాలో దించండి. తోడుకోగానే ఫ్రిజ్‌లోకి.

తోడు అయిపోయిందా? గోరువెచ్చని పాలలో తొడిమలతో ఉన్న మిరపకాయలు నాలుగు వేసి చూడండి. మొదటిసారి పల్చగానే వస్తుంది, దాన్నే మళ్లీ తోడుగా వాడితే గట్టిపడుతుంది. అన్నట్టు, అందరూ అన్నానికి కూర్చోకముందే రేపటి తోడు ఒక చెంచా తీసి దాచుకోండి.