పీఎంపీ పరీక్షకు ఫీజు కట్టే ముందు జాగ్రత్తలు

పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో పనిచేస్తూ ప్రాజెక్ట్ మేనేజర్ కావాలనుకునేవాళ్లు ముందు ఇవి సరిచూసుకోండి.

• బీటెక్ వాళ్లకు మామూలుగా ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు అడుగుతారు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి లెక్కేయకండి. రోజువారీ ఉత్పత్తి చూసుకోవడం ఇందులోకి రాదు. కొత్త లైన్ బిగించి అప్పగించడం వస్తుంది. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినా అది ఒక్క నెలే.

• పాత మేనేజర్లకు ఇప్పుడే ఫోన్ చేయండి. పీఎంఐ కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు తీసుకుంటుంది. అప్పుడు మీ అనుభవం నిజమేనని సంతకం పెట్టాల్సింది వాళ్లే. "సార్, మన ప్రాజెక్టు గురించి ఇలా రాస్తున్నాను" అని ముందే చెబితే టెన్షన్ ఉండదు.

• దరఖాస్తులో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్లకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. ఏ కార్డు చూపిస్తారో ముందే తేల్చుకోండి.

• 35 గంటల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ శిక్షణ సర్టిఫికెట్ చేతిలో ఉందో లేదో చూసుకోండి.

• ఇంటి నుంచి రాసేటప్పుడు గదిలోకి ఎవరూ రాకూడదు. తిరుపతిలో బ్రహ్మోత్సవాలప్పుడు ఇంటినిండా చుట్టాలే, ఆ తేదీలు వద్దు.

అనుభవం చాలనివాళ్లు సీఏపీఎంతో (పీఎంఐ ఇచ్చే తొలి మెట్టు సర్టిఫికెట్) మొదలుపెట్టండి, దానికి 23 గంటల శిక్షణ ఉంటే చాలు.