విదేశంలో గిన్నెలు కొంటున్నారా? ముందు బోర్లించి చూడండి

అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో ఒక హెచ్చరిక ఇచ్చింది. దిగుమతైన కొన్ని వంటపాత్రల్లోంచి సీసం తిండిలోకి దిగే ప్రమాదం ఉందని. అల్యూమినియం, ఇత్తడి, ఇంకా మనవాళ్ళు సూట్‌కేసులో సర్దుకెళ్ళే హిండాలియం (అల్యూమినియంలో వేరే లోహాలు కలిపి చేసేది). ఆ తర్వాత ఎఫ్‌డీఏ వాడొద్దన్న పాత్రల జాబితాలో మరికొన్ని చేరాయి. దాంతో బయటి దేశంలో కొత్తగా కాపురం పెట్టేవాళ్ళకి ఒకటే టెన్షన్: ఏ బ్రాండు కొనాలి?

బ్రాండు సంగతి తర్వాత. నాన్‌స్టిక్ మీద స్టీలు గరిటె వాడకూడదు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చూసినంతలో జనం కొంప ముంచేది ఒక్కటే: అడుగున ఏమీ రాసి లేని పాత్ర కొనడం. ఫోటోలో తళతళలాడుతుంది, చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది, బోర్లిస్తే ఒక్క అక్షరం కనిపించదు. తయారుచేసినవాళ్ళ పేరు, మోడల్ నంబరు, ఏ లోహమో. ఈ మూడూ పాత్ర మీదో, కనీసం డబ్బా మీదో లేకపోతే అక్కడే పెట్టేసి రండి.

సీసం

తుక్కు కరిగించి పోత పోసిన అల్యూమినియంలో ఏమేం కలిశాయో పోసినవాడికే తెలియదు. ఇత్తడి కోతకి తేలిగ్గా లొంగాలని అందులో సీసం కావాలనే కలుపుతుంటారు. లోపల కళాయి ఉంది కదా అంటారు. ఆ తగరం అసలుదేనని ఎవరు పూచీ? తిండిలో దిగిన సీసం రుచికీ వాసనకీ తెలియదు. లోహంలోనే కలిసి ఉంటుంది కాబట్టి ఎంత తోమినా పోదు. పులుపు వేసి ఎక్కువసేపు మరిగిస్తే ఇంకా దిగుతుంది. పిల్లల విషయంలో ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పొయ్యి

ఇల్లు ఖాయం కాకముందే గిన్నెలు కొనకండి. ఇండక్షన్ అయితే అడుగున అయస్కాంతం అంటుకోవాలి. స్టీలుకి అయస్కాంతం అంటుకోకపోతేనే మంచి రకమని మనకో నమ్మకం. 18/10 అని రాసినదానికి, అంటే 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ ఉన్నదానికి, మామూలుగా అంటుకోదు, నిజమే. కానీ అలాంటి స్టీలుతో చేసిన గిన్నెకి పక్కల అంటకపోయినా అడుగు అంటుకునేలా వేరే పొర వేస్తారు, అది చూసుకోండి. చవక అల్యూమినియం పెనాలకి అడుగున చిల్లుల రేకు ఒకటి నొక్కి పెడతారు. అయస్కాంతాన్ని అంచు నుంచి మధ్యకి జరిపి చూడండి. ఒక చోట పట్టుకుని ఇంకో చోట జారిపోతే, వంట కూడా అలాగే ఒక చోట మాడి ఒక చోట పచ్చిగా ఉంటుంది.

కుక్కరు

ఇక్కడే పేరు లేని పాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. కొన్నాళ్ళకి గాస్కెట్ సాగిపోతుంది. కంపెనీ ఏదో తెలియదు, మోడల్ తెలియదు, సరిపోయేది ఎక్కడని వెతుకుతారు? కొందరు కుర్రాళ్ళు కలిసి ఉండే ఇంట్లో చూశాను: దాదాపు అదే సైజు గాస్కెట్ తెప్పించారు, పక్కనుంచి ఆవిరి పోతోందని మూత మీద రోలు పెట్టారు. మూత లేచి పైన చిమ్నీకి సొట్ట పడింది. ఆ సమయానికి వంటింట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. విడిభాగాలు ఆ దేశంలో దొరుకుతాయో లేదో చూసుకున్నాకే కుక్కరు కొనండి. లేదా గాస్కెట్, సేఫ్టీ వాల్వు అదే కంపెనీవి అదనంగా వెంట తెచ్చుకోండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- ఎలక్ట్రిక్ కుక్కరు, మిక్సీ తీసుకెళ్ళే ముందు వెనకాల వోల్టేజి చదవండి. అడాప్టర్ పిన్ను మారుస్తుంది, వోల్టేజిని కాదు. 120 వోల్టుల వస్తువుని 230లో పెడితే కాలిపోతుంది.
- ఖాళీ నాన్‌స్టిక్ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోన్ ఎత్తకండి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత చెడడం మొదలవుతుంది. ఇంట్లో చిలుకలుంటే ఆ పొగకి చచ్చిపోతాయి.
- "పీఎఫ్‌ఓఏ ఫ్రీ" అని, అంటే ఒకప్పుడు నాన్‌స్టిక్ పూత తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం లేదని, రాసి ఉందని ఎక్కువ డబ్బు పెట్టకండి. హానికర రసాయనాల్ని ఆపేందుకు దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందం జాబితాలో దాన్ని 2019లోనే చేర్చారు.
- గ్లాస్ టాప్ పొయ్యి మీద ఇనప మూకుడు ఈడ్వకండి.
- అడుగు గుండ్రంగా ఉన్న బాణలి ఇండక్షన్‌కి పనికిరాదు. వద్దు.
- ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఊరికే ఇస్తున్నారని తీసుకోకండి. అడుగున పేరుందా? లేదు. అయితే వద్దు.
- అనుమానం ఉన్న గిన్నెని వేరేవాళ్ళకి ఇవ్వకండి, కళాయి పెట్టించి వాడదామని చూడకండి. పారేయండి.
- అలాంటిదాంట్లో ఇప్పటికే వండుకుంటూ ఉంటే, ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే డాక్టరుకి చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. లక్షణాలు కనిపించేదాకా ఆగకండి.