కీమోకి ముందే తోడు చూసుకోండి

కీమో (క్యాన్సర్‌కి మందులతో చేసే చికిత్స) తేదీ ఖరారైందా? ముందు మీ వెంట వచ్చే మనిషెవరో తేల్చుకోండి. నాకు మా వదిన. నా సందేహాలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని డాక్టర్‌ని ఒక్కొక్కటే అడిగేది: వాంతులకు ఏ మందు, ముందే పళ్లు చూపించుకోవాలా, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఫోన్ చెయ్యాలి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఆరోగ్యశ్రీ కాగితాల పని ఇంట్లో ఒకరికి అప్పగించండి.

వెయిటింగ్ హాల్లో పక్కావిడతో మాట కలపండి. జుట్టు రాలే మందైతే 2-3 వారాల్లో రాలడం మొదలవుతుందని, ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దిగులు కాస్త తగ్గుతుందని నాకు చెప్పింది అలాంటి ఆవిడే. ఎంత ఊరటో!

"అయ్యో, నీకే ఎందుకొచ్చిందమ్మా" అని ఏడ్చే చుట్టాల ఫోన్లు మాత్రం వదినే ఎత్తేది. మీరూ ఇంకొకరికి ఇచ్చెయ్యండి.