విండోస్ పక్కన లినక్స్ మింట్: డేటా పోకుండా పెట్టుకోవడం, తెలుగుకు తీర్చుకోవడం

లినక్స్ మింట్ విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, విండోస్‌ను తీసేయకుండా దాని పక్కనే వేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) ఉన్న కంప్యూటర్‌లో మింట్ ఇన్‌స్టాలర్ తన పనిని ఇరవై నిమిషాలకు అటూఇటూగా ముగిస్తుంది. డేటా పోయిందన్నా, విండోస్ తెరుచుకోవడం లేదన్నా కారణం చాలాసార్లు దానికి ముందే ఉంటుంది: విండోస్‌లో చేయాల్సిన మూడు నాలుగు పనులు చేయకుండా పెన్‌డ్రైవ్ పెట్టేయడం. అందుకే ఇక్కడ ఇన్‌స్టాలర్ గురించి కొంచెమే ఉంటుంది, దాని ముందు వెనకల గురించి ఎక్కువ ఉంటుంది. కమాండ్లు కూడా రెండు మూడే. అవి కనిపించిన చోట ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ సపోర్టు ముగిసింది. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేకనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11కి వెళ్లలేని మెషీన్లకు మింట్ బాగా సరిపోతుంది. మింట్ 22 సిరీస్‌కు పునాది ఉబుంటు అనే మరో లినక్స్‌లోని 24.04 వెర్షన్. దీనికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ చాలని మింట్ వాళ్లు చెబుతారు. హాయిగా వాడుకోవాలంటే 4 జీబీ ర్యామ్, 100 జీబీ డిస్క్ ఉండాలన్నదీ వాళ్ల మాటే. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచే అలవాటుంటే రెండో లెక్కనే పట్టించుకోండి. ర్యామ్ 4 జీబీ ఉంటే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్ తీసుకోండి. డిస్క్ ఇంకా పాత తిరిగే రకమే అయితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఆ ఒక్క మార్పు ఇచ్చే వేగం ఏ సెట్టింగూ ఇవ్వదు.

విండోస్‌లో ముందుగా చేయాల్సినవి

మొదటిది బ్యాకప్. పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) చిన్నది చేస్తున్నప్పుడు కరెంటు పోయినా, తప్పు డిస్క్ ఎంచుకున్నా వెనక్కి తీసుకునే బటన్ ఉండదు. ఫొటోలు, డాక్యుమెంట్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి. తగిలించి వదిలేస్తే ఇన్‌స్టాలర్ జాబితాలో అదీ కనిపిస్తుంది, తప్పు పడేది అక్కడే.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసే విండోస్ ఏర్పాటు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' పేరుతో ఇది దానంతటదే ఆన్ అయి ఉంటుంది, వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. ముందు 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ) సెట్టింగ్ మారినా, బూట్ అయ్యే దారి మారినా టీపీఎమ్ చిప్ ఆ తేడాను పసిగడుతుంది. అప్పుడు విండోస్ ఈ కీ ఇచ్చేదాకా తెరుచుకోదు. కీ భద్రంగా ఉందనుకున్నాక ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేయండి. 'సస్పెండ్' చేస్తే డిస్క్ మీద డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి అది చాలదు. డీక్రిప్ట్ కావడానికి గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆపకండి. లినక్స్ వేశాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. కాకపోతే అప్పటి నుంచి విండోస్‌ను గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ తెరవాలో అడిగే లినక్స్ మెనూ) నుంచి కాకుండా కంప్యూటర్ సొంత బూట్ మెనూ నుంచి తెరవడం మేలు. గ్రబ్ మీదుగా వెళ్తే మాటిమాటికీ కీ అడిగే అవకాశం ఉంది.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, సీ డ్రైవ్‌ను మూయదు. లినక్స్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవడానికి మాత్రమే వస్తుంది, లేదా అసలు రాదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' ఇవ్వండి. హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ ఒకేసారి పోతాయి. హైబర్నేషన్ ఫైల్ పట్టుకున్న కొన్ని జీబీల జాగా కూడా ఖాళీ అవుతుంది.

ఇప్పుడు జాగా. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' ఎంచుకుని 100 జీబీ అంటే 102400 ఎంబీ ఇవ్వండి. 200 జీబీ ఖాళీ ఉన్నా 'పది జీబీ మాత్రమే తగ్గించగలను' అంటోందా? కదిలించడానికి వీల్లేని ఫైళ్లు డ్రైవ్ చివర్లో కూర్చున్నాయన్నమాట. పేజ్‌ఫైల్‌ను, సిస్టమ్ రిస్టోర్‌ను కాసేపు ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి, పని అయ్యాక రెండూ ఆన్ చేసుకోండి. తగ్గించగా వచ్చిన ఖాళీలో కొత్త డ్రైవ్ లెటర్ సృష్టించకండి. అది 'అన్‌అలొకేటెడ్'గానే ఉండాలి.

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు ఉంటుంది. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. స్టోరేజ్ కంట్రోలర్ 'రెయిడ్', 'ఆర్‌ఎస్‌టీ' లేదా 'వీఎండీ' మోడ్‌లో ఉండటమే కారణం. నేరుగా బయోస్‌లోకి (కంప్యూటర్ సొంత సెట్టింగుల తెరలోకి) వెళ్లి ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కు మారిస్తే విండోస్ నీలి తెర చూపిస్తుంది, ఎందుకంటే ఆ డ్రైవర్‌ను అది లోడ్ చేసుకుని ఉండదు. వరుస ఇలా ఉండాలి: విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో 'సేఫ్ బూట్' టిక్ చేసి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టండి. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుని కొత్త డ్రైవర్ ఎక్కించుకుంటుంది. అప్పుడు ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

పెన్‌డ్రైవ్, లైవ్ పరీక్ష

మింట్ సైట్ నుంచి దించుకునే ఇన్‌స్టలేషన్ ఫైల్‌ను ఐఎస్‌వో అంటారు, అది 3 జీబీకి దగ్గరగా ఉంటుంది. 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, 8 జీబీ ఉంటే ఇంకా నయం. డౌన్‌లోడ్ అయ్యాక ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్ పాడవలేదని తేల్చే గుర్తు) సరిచూడండి. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్ 64 అక్షరాల విలువ ఇస్తుంది, అది మింట్ సైట్‌లో ఉన్నదానితో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఇన్‌స్టలేషన్ మధ్యలో అర్థంపర్థం లేని ఎర్రర్లు వస్తే మొదట అనుమానించాల్సింది సగం పాడైన ఐఎస్‌వోనే, ఆ తర్వాత అరిగిపోయిన పెన్‌డ్రైవ్‌ను.

ఐఎస్‌వోను పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు. రూఫస్ గానీ ఎచర్ గానీ అనే ప్రోగ్రాముతో రాయాలి. రూఫస్‌లో పార్టిషన్ పద్ధతిగా జీపీటీ, బూట్ పద్ధతిగా యూఈఎఫ్ఐ (పాత లెగసీ పద్ధతి స్థానంలో వచ్చిన కొత్తది) ఎంచుకోండి. తర్వాత రీస్టార్ట్ చేసి బూట్ మెనూ కీ నొక్కండి: డెల్, ఏసర్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నదే తీసుకోండి. విండోస్ యూఈఎఫ్ఐలో, లినక్స్ పాత లెగసీ పద్ధతిలో ఉంటే గ్రబ్ మెనూ నుంచి విండోస్ తెరుచుకోదు.

తెర నల్లగా ఉండిపోతే పెన్‌డ్రైవ్ మెనూలోనే 'కంపాటిబిలిటీ మోడ్' ఉంటుంది, దానితో తెరవండి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులున్న మెషీన్లలో ఇది మామూలే.

లైవ్ డెస్క్‌టాప్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్) వచ్చాక ఇన్‌స్టాల్ ఐకాన్ జోలికి వెంటనే పోవద్దు. ఓ అరగంట మెషీన్‌ను పరీక్షించండి. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్, బ్రైట్‌నెస్ కీలు పని చేస్తున్నాయా చూడండి. ముఖ్యంగా మూత మూసి, రెండు నిమిషాలాగి తెరిస్తే నిద్ర లేస్తోందా? నిద్ర లేవని ల్యాప్‌టాప్‌తో రోజూ ఇబ్బందే, కాబట్టి ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. వైఫై రాకపోతే, ముఖ్యంగా బ్రాడ్‌కామ్ చిప్‌లతో ఇది జరుగుతుంది, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. డ్రైవర్ దింపుకోవడానికి అది చాలు.

పార్టిషన్లు

'విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయి' అన్న ఆప్షన్ పని చేస్తుంది కానీ మొత్తం ఒకే పార్టిషన్‌గా వేస్తుంది. 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకుంటే పని మన చేతిలో ఉంటుంది. ఆ 100 జీబీ ఖాళీలో 45 జీబీ సిస్టమ్ ఉండే రూట్‌కు అంటే '/' గుర్తుకు, మిగిలింది మీ ఫైళ్లుండే '/హోమ్'కు, రెండిటికీ ఫార్మాట్ రకం ఎక్స్‌ట్4. హోమ్ వేరుగా ఉంటే రేపు మింట్‌ను మొదటి నుంచి వేసుకున్నా ఆ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా ఫైళ్లు, సెట్టింగులు నిలుపుకోవచ్చు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) పార్టిషన్ అక్కర్లేదు, ఇన్‌స్టాలర్ స్వాప్ ఫైల్ పెట్టుకుంటుంది. హైబర్నేట్ తప్పనిసరి అనుకునేవాళ్లు మాత్రం ర్యామ్‌కు తగ్గని స్వాప్ పార్టిషన్ వేసుకోవాలి.

ఈ తెర మీద అన్నిటికంటే ప్రమాదమైనది ఒక చిన్న టిక్ పెట్టె. బూట్ ఫైళ్లుండే, 100 ఎంబీ చుట్టుపక్కల ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ విండోస్ అప్పటికే సృష్టించి ఉంటుంది. దాన్నే లినక్స్ కూడా వాడుకుంటుంది, గ్రబ్‌కు అందులో కొద్ది ఎంబీలు చాలు. దాని ఎదుట 'ఫార్మాట్' టిక్ పడితే విండోస్ బూట్ ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. ముందుకు వెళ్లేముందు ఇన్‌స్టాలర్ మార్పుల జాబితా చూపిస్తుంది. అందులో ఫార్మాట్ అయ్యేవి మీరు సృష్టించిన కొత్త పార్టిషన్లే అయి ఉండాలి. వేరే పేరు కనిపించిందా, వెనక్కి వెళ్లండి.

రెండు డిస్కులున్న డెస్క్‌టాప్‌లో లినక్స్‌ను రెండో డిస్క్‌లో వేస్తుంటే, విండోస్ డిస్క్ కేబుల్‌ను ఇన్‌స్టలేషన్ అయ్యేదాకా ఊడదీయడం మంచి పద్ధతి. రెండో డిస్క్ ఎంచుకున్నా సరే, ఇన్‌స్టాలర్ గ్రబ్‌ను మొదటి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేయడం తెలిసిన సమస్యే. తర్వాత ఆ డిస్క్ తీసేస్తే లినక్స్ కూడా బూట్ కాదు.

మొదటి బూట్

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా మింట్ పని చేస్తుంది. మల్టీమీడియా కోడెక్‌ల దగ్గర టిక్ చేసినప్పుడు ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ అడిగితే, మామూలు అక్షరాలు, అంకెలతోనే పెట్టండి. రీస్టార్ట్ కాగానే నీలి తెర వస్తుంది. ఏ కీ నొక్కకపోతే పది సెకన్లలో అది మాయమవుతుంది, తొందరపడి ఎంటర్ కొట్టినా 'కంటిన్యూ బూట్' అయిపోతుంది. 'ఎన్‌రోల్ ఎంవోకే' (మీ కంప్యూటర్ సొంత కీ నమోదు) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఇది తప్పిపోతే ఎన్‌విడియా డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది కానీ లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. టెర్మినల్‌లో 'సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ' ఇచ్చి రీస్టార్ట్ చేస్తే ఆ తెర మళ్లీ వస్తుంది.

ఆపైన వరుస ముఖ్యం: ముందు టైమ్‌షిఫ్ట్, తర్వాత అప్‌డేట్ మేనేజర్, తర్వాత డ్రైవర్ మేనేజర్, చివరికి అలంకారాలు. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లకు స్నాప్‌షాట్ (వెనక్కి తిరిగి రావడానికి ఒక కాపీ) తీస్తుంది, మీ ఫొటోలకు కాదు. ఆర్‌సింక్ మోడ్ ఎంచుకుని, స్నాప్‌షాట్లు హోమ్ పార్టిషన్ మీదికి వెళ్లేలా పెట్టండి, రోజువారీ రెండు ఉంచితే చాలు. మొదటి స్నాప్‌షాట్ దాదాపు సిస్టమ్ అంత పరిమాణంలో ఉంటుంది. లెక్క చూసుకోకుండా పదేసి స్నాప్‌షాట్లు ఉంచితే డిస్క్ నిండి, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా లాగిన్ తెర మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది. అలా జరిగితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల తెరలో లాగిన్ అయి పాత స్నాప్‌షాట్లు తొలగించండి.

కొత్త కెర్నల్ వచ్చాక వైఫై పోయిందంటే గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' నుంచి పాత కెర్నల్‌తో బూట్ చేయవచ్చు. అందుకే పాతదాన్ని కనీసం ఒకటి ఉంచుకోండి.

సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే ప్రోగ్రాములు తెచ్చుకోండి. ఎక్కడో చూసి పీపీఏలు (బయటివాళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ భాండారాలు) జోడించుకుంటూ పోవడమే తర్వాతి వెర్షన్‌కు మారేటప్పుడు సిస్టమ్ విరగడానికి పెద్ద కారణం. ఏదైనా ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ తప్పనిసరైతే దాని ఫ్లాట్‌ప్యాక్ (తనకు కావాల్సినవి తనతోనే తెచ్చుకునే ప్యాకేజీ) తీసుకోండి. మొదటిది వందల ఎంబీలు దించుతుంది, ఆ తర్వాతివి అప్పుడు వచ్చిన ఉమ్మడి ఫైళ్లను (రన్‌టైమ్) పంచుకుంటాయి.

తెలుగు

తెలుగు చదవడానికి నోటో ఫాంట్లు ఉంటే చాలు. పోతన, వేమన కావాలంటే ప్యాకేజీ మేనేజర్ సినాప్టిక్‌లో 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' వేసుకోండి. శీర్షికలకు వాడే రకరకాల అచ్చులు 'ఫాంట్స్-తెలుగువిజయం'లో ఉన్నాయి. ఒత్తులు మరీ చిన్నగా కనిపిస్తున్నాయంటే తెర రిజల్యూషన్ తగ్గించకండి, అక్షరాలు మసకబారతాయి. ఫాంట్ సెట్టింగుల్లో 'టెక్స్ట్ స్కేలింగ్'ను 1.1 లేదా 1.2 చేస్తే సరిపోతుంది.

టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగుల్లోని లేఅవుట్లలో 'తెలుగు' జోడించుకుని, మార్చుకునే కీ ఎంచుకుంటే అయిపోయింది. 'అమ్మ'ను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లు టైపింగ్ పద్ధతులు మార్చే ప్రోగ్రామైన ఐబస్‌ను, 'ఐబస్-ఎమ్17ఎన్'ను వేసుకుని, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ లాగవుట్ మరిచిపోయి 'పని చేయడం లేదు' అనుకునేవాళ్లే ఎక్కువ. ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్, పోతన పద్ధతులన్నీ అందులో ఉన్నాయి. టెర్మినల్‌లో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా కనిపిస్తే కంగారు పడవద్దు, సంయుక్తాక్షరాలు కూర్చడం టెర్మినల్‌కు చేతకాదు, ఫాంట్ లోపం కాదు. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు కాబట్టి అవి లిబ్రెఆఫీస్‌లో పిచ్చి గుర్తుల్లా తెరుచుకుంటాయి. వాటిని ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

రూపురేఖలు

సినమన్‌లో థీమ్‌లు, ప్యానెల్, ఆప్లెట్లు (ప్యానెల్ మీద కూర్చునే చిన్న ప్రోగ్రాములు) అన్నీ సిస్టమ్ సెట్టింగుల్లోనే మారుతాయి. థీమ్‌లతో ప్రమాదం తక్కువ. ఆప్లెట్లు, ఎక్స్‌టెన్షన్లు మాత్రం సినమన్ లోపలే నడుస్తాయి కాబట్టి ఒక్క చెడ్డ ఆప్లెట్ డెస్క్‌టాప్ మొత్తాన్ని బిగదీయగలదు. ఒకసారికి ఒకటే జోడించి, ఒకరోజు వాడి చూసి, తర్వాతదానికి వెళ్లండి. బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, తెరిచి ఉన్న ప్రోగ్రాములు మూతపడకుండా సినమన్ మళ్లీ మొదలవుతుంది.

తర్వాత ఎదురయ్యే రెండు చిక్కులు

విండోస్‌కు వెళ్లొచ్చాక గడియారం తప్పు చూపిస్తే, ఆ తేడా సరిగ్గా మీ టైమ్ జోన్ అంతే ఉంటుంది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)గా చదువుతాయి. 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' ఇస్తే రెండూ ఒకేలా చదువుతాయి.

విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే లినక్స్ పోయిందనుకోకండి. చాలాసార్లు బూట్ వరుస మాత్రమే మారి ఉంటుంది. బయోస్‌లో చూడండి. అక్కడ 'మింట్' అని వెతికితే దొరకదు, ఆ ఎంట్రీ 'ఉబుంటు' పేరుతో ఉంటుంది. దాన్ని పైకి జరపండి. ఆ పేరే కనిపించకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అందులోని 'బూట్ రిపేర్' తెరిచి, 'రికమెండెడ్ రిపేర్' నొక్కండి. అందుకోసమైనా ఆ పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా దాచుకోండి.