దెబ్బతిన్న పడవతో దీవుల దారి - 7వ పాఠం: అంటుకునే అతుకు, అటుపై లంగరు

ఈసారి పాఠమంతా లంగరు గురించే ఉండాల్సింది. కానీ గత పాఠం చదివి పడవకు ఎపాక్సీతో, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో, అతుకు వేసినవారిలో చాలామంది రాసింది ఒకటే మాట: "వేసి నాలుగు రోజులైంది, ఇంకా చేతికి అంటుకుంటోంది." కొందరైతే ఆ జిగట మీదే రెండో పొర కూడా వేసేసి, తరువాత తీరిగ్గా అడుగుతున్నారు. కాబట్టి లంగరు కాసేపు ఆగాలి.

కొత్తగా చేరినవారికి ఒక్క ముక్క. మన పాఠంలోని పడవ 36 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. 2024 జులై 1న బెరిల్ తుపాను కరీబియన్‌లో, గ్రెనడా దేశానికి చెందిన కారియాకూ దీవిని నాలుగో శ్రేణి తీవ్రతతో తాకింది. ఆ దెబ్బకు పక్క గోడ పగిలి, బీమా సంస్థ లెక్క తేల్చుకుని వదిలేసిన పడవ ఇది అనుకుందాం. ఇప్పుడు గ్రెనడాలో ఒడ్డున, దిమ్మల మీద నిలబడి ఉంది. బేరం ఎలా ఆడాలో, రంగు ఏది కొనాలో నేను చెప్పను. అవి మీకే బాగా తెలుసు.

ఇప్పుడు అతుకు సంగతి. ముందుగా శుభ్రమైన నీళ్లతో, గరుకు పీచుతో అతుకును రుద్ది కడగండి. తుడిచి, వేలు పెట్టి చూడండి. జిగట పోయిందా? అయితే లోపల గట్టిపడింది, పైన పొర మాత్రమే పేరుకుంది. జిగట పోలేదా, గోరు నొక్కితే గుంట పడుతోందా? అయితే మీరు కలిపిన పాళ్లే తప్పు. మొదటి దానికి మందు ఉంది, రెండో దానికి లేదు.

పాళ్ల తప్పు ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. మన తీరంలో ఫైబర్ బోట్ల పని చూసినవారికి, మేడ మీది నీళ్ల ట్యాంకుకు మాటు వేసినవారికి పరిచయమైనది పాలియెస్టర్ రెజిన్. అందులో కలిపే ఉత్ప్రేరకం పాలలో వేసే తోడు లాంటిది: నూటికి ఒకటి రెండు పాళ్లు చాలు, కాస్త ఎక్కువైతే త్వరగా తోడుకుంటుంది. ఎపాక్సీ ఆ జాతిది కాదు. అందులో హార్డెనర్ కూడా సరుకులో భాగమే. రెజిన్ అణువుకూ హార్డెనర్ అణువుకూ జత కుదరాలి. డబ్బా మీద 5కు 1 అని ఉంటే 5కు 1 కలపాలి, అంతే. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే జత దొరకని హార్డెనర్ లోపలే మిగిలిపోతుంది. అది ఈ వారం గట్టిపడదు, వచ్చే ఏడాదీ గట్టిపడదు. త్వరగా కావాలంటే త్వరగా గట్టిపడే రకం హార్డెనర్ కొనుక్కోవాలి. పాళ్లతో ఆడకూడదు.

ఇక పంపుల తిరకాసు. డబ్బాలతో పాటు అమ్మే కొలత పంపులు, రెజిన్ ఒక నొక్కు, హార్డెనర్ ఒక నొక్కు వేస్తే సరైన పాళ్లు వచ్చేలా తయారవుతాయి. 5కు 1 అన్న లెక్క ఆ పంపుల్లోనే ఇమిడి ఉంది. ఒకాయన శ్రద్ధగా రెజిన్ అయిదు నొక్కులు, హార్డెనర్ ఒక నొక్కు వేశారు. అంటే ఆయన కలిపింది 25కు 1. ఆ అతుకు ఎండమంటే ఎలా ఎండుతుంది? పైగా పంపులో గాలి బుడగ ఉంటే మొదటి నొక్కుకు సగమే వస్తుంది. అందుకే నేను పంపులు వాడను, చిన్న డిజిటల్ తక్కెడ వాడతాను. అయితే రెజిన్, హార్డెనర్ సాంద్రతలు ఒకటి కావు గనుక పరిమాణం ప్రకారం పాళ్లు వేరు, తూకం ప్రకారం పాళ్లు వేరు. తయారీదారు ఇచ్చిన కాగితంలో రెండూ ఉంటాయి, తూకం వరుస చూడండి.

పాళ్లు తప్పిన అతుకు మీద కొత్త పొర వేస్తే అది కప్పడమే అవుతుంది గానీ బాగు చేయడం కాదు. వేడి గాలి తుపాకితో మెత్తబరిచి, రేకుతో గీకి, మిగిలినది ద్రావణితో తుడిచి, మళ్లీ గరుకు చేసి మొదటి నుంచి వేయాలి. రెండో పొర వేసినవారు రెండూ గీకాలి.

ఇప్పుడు మొదటి రకం జిగట. నాకు అసలు చిరాకు తెప్పించేది ఇదే, ఎందుకంటే దీన్ని పాడు చేసేది బద్ధకస్తులు కాదు, చురుకైనవాళ్లు. హార్డెనర్‌లోని అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి పొర కడతాయి. కరీబియన్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. వానలూ చాలావరకు అప్పుడే. పడవలన్నీ ఒడ్డెక్కి బాగుపడేదీ అప్పుడే. అంటే మనం పని చేసే కాలమే ఆ పొరకు అనువైన కాలం. దాన్ని చూడగానే చురుకైనవాడు రెండు పనులు చేస్తాడు. అసిటోన్‌తో తుడుస్తాడు. లేదా నేరుగా ఉప్పుకాగితం అందుకుంటాడు. ఆ పొర కరిగేది నీటిలో. అసిటోన్ దాన్ని తీయదు, అటూ ఇటూ పులుముతుంది. ఉప్పుకాగితం దాన్ని గీతల్లోకి కూరుతుంది, కాగితం కూడా క్షణంలో మూసుకుపోతుంది. పైకి అంతా తెల్లగా, గరుకుగా, చక్కగా కనిపిస్తుంది. తరువాతి పొర దాని మీద కూర్చుంటుంది, అతుక్కోదు. వరుస మళ్లీ చెబుతున్నాను: ముందు నీళ్లు, తరువాత పీచు, నీళ్లు ఆరిపోకముందే కాగితపు తువ్వాలుతో తుడవడం, పూర్తిగా పొడిబారాక 80 నంబరు ఉప్పుకాగితం. నీళ్లు వాటంతట అవే ఆరితే కరిగిన పొర మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఇదంతా తప్పించుకోవాలంటే చివరి పొర మీద పీల్ ప్లై అనే నైలాన్ గుడ్డ పరచండి. గట్టిపడ్డాక లాగేస్తే పొర దానితో పాటే వచ్చేస్తుంది. నేను ప్రతిసారీ పరుస్తాను, ఖర్చు గురించి ఆలోచించను.

రెండు చిన్న సంగతులు. 30 డిగ్రీల వేడిలో ఎపాక్సీని లోతైన కప్పులో ఉంచితే పొగలు కక్కుతుంది, వెడల్పు తట్టలో పోసుకోండి. ఇక చిల్లు చుట్టూ ఏటవాలుగా చెక్కాల్సింది మందానికి 12 రెట్లు. గోడ 10 మిల్లీమీటర్లుంటే చుట్టూ 120. నాకు వచ్చిన ఫోటోల్లో ఎక్కువ భాగం 40 దగ్గరే ఆగాయి. చిల్లు మీద పరిచే గాజు గుడ్డలో పెద్ద ముక్క ముందా, చిన్నది ముందా అనే తగవులోకి నేను దిగను. పెద్దదే ముందు వేస్తాను.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు పడవకు బిగిసే ఉక్కు పట్టీలను, అంటే చెయిన్‌ప్లేట్లను, విప్పి చూశారా? డెక్కు గుండా దూరిన చోట తడి నిలిచి, గాలి తగలక, స్టెయిన్‌లెస్ స్టీలు లోలోపల పగులుతుంది. బయట మెరుస్తూనే ఉంటుంది. విప్పకుండా బాగుందని చెప్పకండి.

ఇక దారి. గ్రెనడా రాజధాని సెయింట్ జార్జెస్ నుంచి కారియాకూలోని టిరెల్ బే సుమారు 30 నాటికల్ మైళ్లు. గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది, ప్రవాహం పడమటికి తోస్తుంది. కాబట్టి గ్రెనడా పశ్చిమ తీరం గాలి చాటున ఉత్తర కొస దాకా వెళ్లి, అక్కడి నుంచి తూర్పుకు పట్టి ఎదురెక్కాలి. తీరం దాటాక నీటి అడుగున కిక్ ఎమ్ జెన్నీ అనే అగ్నిపర్వతం ఉంది. మామూలు రోజుల్లోనే దాని చుట్టూ 1.5 కిలోమీటర్ల లోపలికి పడవలు పోకూడదు. హెచ్చరిక నారింజ రంగుకు పెరిగితే 5 కిలోమీటర్లు. బయలుదేరే ఉదయం ఆ రంగు చూసుకోండి.

కారియాకూ తరువాతి మజిలీ టొబాగో కేస్ అనే చిన్న దీవుల గుంపు. అది వేరే దేశానిది, సెయింట్ విన్సెంట్ గ్రెనడైన్స్‌ది. కారియాకూలో నిష్క్రమణ ముద్ర వేయించుకుని, ఆ దేశపు యూనియన్ దీవిలో పసుపు జెండాతో (ఇంకా నమోదు కాలేదని తెలిపే గుర్తు) ప్రవేశం నమోదు చేయించుకోవాలి. ఆ పగడపు దిబ్బల మధ్యకు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా, మీ వీపు వెనక ఉన్నప్పుడే వెళ్లండి. సాయంత్రం పడమటి ఎండ కళ్లలో పడితే దిబ్బ కనపడదు. ముదురు నీలం లోతు, లేత పచ్చనీలం ఇసుక, గోధుమ రంగు పగడం. ముందు కొసన ఒకరు పోలరైజ్డ్ కళ్లద్దాలతో నిలబడాలి. చూపు బాగున్నవారిని నిలబెట్టండి, బావగారికి మర్యాద చేయాలని ఆయన్ని కాదు. అరుపులు వద్దు, చేతి సైగలు చాలు. గాలిలో "కుడికి" అన్నది "ఇటు రా" అన్నట్టు వినపడిన పడవలు చాలా ఉన్నాయి.

లంగరు పగడం మీద కాదు, ఇసుకలోనే. లోతు 5 మీటర్లు, నీటి నుంచి డెక్కు ముందు కొస 1.2 మీటర్లు: మొత్తం 6.2. గొలుసు అయితే దానికి అయిదు రెట్లు, 31 మీటర్లు వదలాలి. చాలామంది ఆ 1.2ను మరిచి 25తో సరిపెడతారు. గొలుసూ తాడూ కలిపితే ఏడు రెట్లు. వదిలాక ఇంజన్ వెనక్కి నడిపి లాగండి, ఆపై ముఖానికి అద్దం కట్టుకుని దిగి, కొన ఇసుకలో దిగిందో లేదో కళ్లతో చూడండి.

సాధన. మూడు పలకల మీద ఎపాక్సీ పొరలు వేయండి: ఒకటి సరైన పాళ్లతో, ఒకటి హార్డెనర్ అయిదో వంతు ఎక్కువతో, ఒకటి సరైన పాళ్లతోనే కానీ పైపొర కడగకుండా ఉప్పుకాగితం పెట్టి. మూడింటి మీదా సరిగ్గా కలిపిన రెండో పొర అతికించి, ఏడు రోజులు ఉంచి, ఉలి పెట్టి ఊడగొట్టండి. ఎక్కడ విడిపోయిందో ఫోటో తీయండి. ఇంకొకటి: పడవ అడుగున నీరు లోపలికి వచ్చే ప్రతి కవాటం ఎక్కడుందో కాగితం చూడకుండా గీయండి. తరువాత సిబ్బందిలో ప్రతి ఒక్కరూ కళ్లకు గంతలు కట్టుకుని, ఒక్కో కవాటాన్ని చేత్తో తడిమి మూయగలగాలి. ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదటి నుంచి. విప్పిన చెయిన్‌ప్లేట్ బోల్టులు పారేయకండి, వచ్చే పాఠంలో వాటిని భూతద్దం కింద పెట్టి చూస్తాం.