కాంట్రాక్టు ఇచ్చే ముందే మోసాన్ని పట్టుకోవడం ఎలా?

కొనుగోళ్లలో మోసం అనగానే అందరూ బిల్లులు తిరగేస్తారు. బిల్లు వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. కాబట్టి ఆర్డర్ మీద సంతకం పడకముందే చూడాలి.

1. అవసరం దగ్గరే ఆరా తీయండి. సరుకు ఎవరు అడిగారు, ఎంత కావాలి, ఖర్చు సుమారు ఎంత అన్నది కొటేషన్లు రాకముందే రాసి ఉండాలి. స్పెసిఫికేషన్‌లో ఒక్క వెండర్‌కే సరిపోయే కొలత కనిపిస్తే ఎందుకని అడగండి. పెద్ద ఆర్డర్‌ను ముక్కలు చేసి, పైవాళ్ల అనుమతి అక్కర్లేని పరిమితిలో ఉంచడం పాత ఎత్తే. ఒకే వెండర్‌కు వెళ్లిన ఆర్డర్లన్నీ కూడి చూస్తే బయటపడుతుంది.

2. అడిగేవారు, వెండర్‌ను ఎంచేవారు, డబ్బు చెల్లించేవారు వేర్వేరుగా ఉండాలి. కొటేషన్లు పరిశీలించేవారు ఏ వెండర్‌తోనూ బంధుత్వం, వ్యాపారం లేవని ముందే రాసివ్వాలి.

3. వెండర్ అసలు ఉన్నాడా? రిజిస్ట్రేషన్, అసలు యజమానుల పేర్లు చూడండి. బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, చిరునామాలను మీ ఉద్యోగుల వివరాలతో పోల్చండి.

4. గడువు దాటిన కొటేషన్ తీసుకోవద్దు. మిగతావి ఇద్దరి సమక్షంలో, టైమ్ రాసుకుని తెరవండి.

5. ఓడిన కొటేషన్లు కూడా చదవండి. చాలామంది తక్కువ ధర చూసి మిగతావి పక్కన పడేస్తారు, అసలు కథ ఉండేది అక్కడే. వచ్చిన కొటేషన్లన్నింటిలోనూ ఒకే అక్షర దోషం, ఒకే కూడిక తప్పు ఉన్నాయా? ప్రతి వస్తువు ధరా గెలిచినవాడి కంటే సరిగ్గా 5 శాతం ఎక్కువ ఉందా? ఫైల్ ప్రాపర్టీస్‌లో తయారుచేసినవారి పేరు ఒకటేనా? ప్రభుత్వ కొనుగోళ్ల కోసం అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి గుర్తులు గమనించమంటాయి. ఇవి కంపెనీలకూ పనికొస్తాయి. అయితే గుర్తు దొరికినంత మాత్రాన వెండర్ల మధ్య కుమ్మక్కు రుజువైనట్టు కాదు. తొందరపడి వెండర్లను నిలదీస్తే ఆధారాలు మాయమవుతాయి. కాగితాలు, ఈమెయిళ్లు భద్రపరిచి ముందు లీగల్ వాళ్లతో మాట్లాడండి. ఈలోపు ఆర్డర్ ఆపండి.

6. ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబరు ఉంచండి. ఫ్రాడ్ ఎగ్జామినర్ల సంఘం ఏసీఎఫ్‌ఈ 2024 నివేదిక ప్రకారం, పరిశీలించిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు ఉప్పందించడం వల్లే బయటపడ్డాయి. ఆ నంబరు ఓడిన వెండర్లకూ ఇవ్వండి. కాల్ మాత్రం కొనుగోళ్ల విభాగానికి కాకుండా ఆడిట్ వాళ్లకు వెళ్లాలి.